మార్చిన మోకాలు ఏమైంది?

మోకాలు మార్పిడికి అమ్మనో నాన్ననో తీసుకొచ్చిన పిల్లలు, సర్జన్ గది దాటగానే నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడుగుతారు: "మేడం, ఈ సారు ఎన్ని చేసినాడు?" నేను మత్తు డాక్టర్ని. ఆపరేషన్ చేసే మనిషిని కాదు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తానని వాళ్ల నమ్మకం. సుమారుగా తెలుసు కాబట్టి చెప్తాను. ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. చేసినవాటిలో ఎన్ని బాగున్నాయి? అయిదేళ్ల తర్వాత ఎంతమంది నొప్పి లేకుండా నడుస్తున్నారు, ఎంతమందికి మళ్లీ కోయాల్సి వచ్చింది? అడిగినా నా దగ్గర జవాబు లేదు. సర్జన్ దగ్గర కూడా లేదు, అదీ అసలు సంగతి.

కీళ్ల మార్పిడి చేసే సర్జన్లు ఎప్పటికప్పుడు చదువుకోవాలని అందరూ అంటారు. కాదనేవాళ్లు లేరు. కానీ ఆ చదువు కోసం మనం పెట్టుకున్న ఏర్పాటంతా ఈ రెండో ప్రశ్నను పక్కన పెట్టి నడుస్తోందని నా ఫిర్యాదు. హాల్లో కూర్చున్న గంటలకు మార్కులు వేస్తున్నాం. తాను పెట్టిన కీలు ఏమైందో వెతికి తెలుసుకున్న సర్జన్‌కు మాత్రం ఏమీ వేయడం లేదు.

నేను మాట్లాడే స్థానం ఏమిటో ముందే చెప్పేస్తాను. కర్నూలులో నాలాంటి మత్తు డాక్టర్లు చాలామంది ఏ ఒక్క ఆసుపత్రికీ కట్టుబడి ఉండరు. పొద్దున ఎన్.ఆర్. పేటలో ఒక థియేటర్, మధ్యాహ్నం గాయత్రీ ఎస్టేట్‌లో ఇంకొకటి, పిలిస్తే నంద్యాల. ఒకే ఆపరేషన్‌ను వేరువేరు చేతులు ఎలా చేస్తాయో పేషెంటు తలవైపు నిలబడి చూసే అవకాశం మాకే ఉంటుంది. ఒక సర్జన్ ఇంకో సర్జన్ థియేటర్లోకి తొంగిచూసే సందర్భమే రాదు, ఒకే ఊళ్లో ఉన్నా సరే. నేను ఎముక కోయను. కోసేవాళ్లను చాలా ఏళ్లుగా చూస్తున్నాను.

2002లో అప్పటి భారత వైద్య మండలి రాసిన నియమావళి ప్రకారం డాక్టరన్నవాడు అయిదేళ్లలో కనీసం 30 గంటలు ఇలాంటి చదువుకు పెట్టాలి. మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్తే క్రెడిట్ అవర్స్ సర్టిఫికెట్లు అడుగుతారు. 30 గంటలంటే ఏడాదికి ఆరు, అంటే ఒక ఆదివారం. ఆ ఆదివారం ఏం విన్నారన్నది కూడా పెద్దగా పట్టింపు లేదు. మోకాళ్లు మార్చే డాక్టరు షుగరు మీదో గుండె మీదో ఉపన్యాసాలు విని కూడా గంటలు నింపుకోవచ్చు.

ఆ ఆదివారాలు ఎలా గడుస్తాయో బయటివాళ్లకు తెలియదు. రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గర బ్యాగు, పెన్ను, మెడలో ట్యాగు. స్టాళ్లలో ప్లాస్టిక్ మోకాళ్లు వంచి చూపించే కుర్రాళ్లు. హాల్లో హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో వచ్చిన పెద్ద సర్జన్ స్లైడ్లు. దొడ్డికాళ్లతో నిలబడ్డ ముసలామె ఫోటో, పక్కనే ఆపరేషన్ తర్వాత తిన్నటి కాళ్ల ఫోటో. తర్వాత స్లైడ్లో ఇంకో జత. ప్రశ్నలకు అయిదు నిమిషాలు, ఈలోగా బిర్యానీ వాసన. చెడిపోయిన కేసు చూపించేవాళ్లు లేకపోలేదు గానీ, అది సాధారణంగా ఎవరో పాడుచేసి పంపితే ఈయన బాగుచేసిన కేసు అయి ఉంటుంది.

ఉపన్యాసాలన్నీ దండగ అనను. రక్తం పోవడం తగ్గించే ట్రానెక్సమిక్ యాసిడ్ ఇంజెక్షన్ మా ఊరికి అలాగే వచ్చింది. మోకాలు మార్పిడి అంటే రక్తం సీసాలు తెచ్చిపెట్టుకోమని ఇంట్లోవాళ్లను బ్లడ్ బ్యాంకుకు పరిగెత్తించిన రోజులు నాకు బాగా గుర్తు. ఆ ఇంజెక్షన్ అలవాటయ్యాక రక్తం ఎక్కించాల్సిన కేసులు బాగా తగ్గిపోయాయి. యాంటీబయాటిక్ కోతకు ముందు గంటలోపే పడాలి, తొడకు రక్తం ఆపే పట్టీ (టోర్నికే) బిగించకముందే పడాలి అన్న పట్టింపు కూడా అలాంటి మీటింగుల్లోంచి వచ్చిందే. ఏ మందు, ఎంత, ఎప్పుడు అన్నది హాల్లో కూర్చుని నేర్చుకోవచ్చు. చేతి పని వేరు. తన చేతిలో ఉన్న లోపం తనకు తెలియడం ఇంకా వేరు.

చేతి పని దగ్గర ఒక విచిత్రం ఉంది. జిల్లాలో పనిచేసే సర్జన్‌కు కొత్త ఇంప్లాంట్ (లోపల పెట్టే కృత్రిమ కీలు) వాడకం థియేటర్లో నేర్పేది ఎవరు? చాలాసార్లు కంపెనీ మనిషి. ఆయన తెల్లవారకముందే ఇంప్లాంట్లు, పనిముట్లు ఉన్న ట్రేలు దించుతాడు, స్టెరిలైజ్ చేయిస్తాడు, నర్సుకు ఏ జిగ్ (కోత సరిగ్గా పడేలా ఎముకకు బిగించే అచ్చు) తర్వాత ఏ జిగ్ అందించాలో చెప్తాడు. సర్జన్ ఒక క్షణం ఆగితే గోడవారగా నిలబడి నెమ్మదిగా అంటాడు: "సార్, ఇంకో రెండు మిల్లీమీటర్లు తీస్తే బాగుంటుందేమో." రోజూ ఊరూరా థియేటర్లు తిరిగే మనిషి కదా, చాలాసార్లు అతను చెప్పింది సరిగ్గానే ఉంటుంది. అతని మీద నాకు కోపం లేదు. అతను చూసింది ఆపరేషన్ బల్ల మీద మోకాలు వరకే. ఆర్నెల్ల తర్వాత అదే మోకాలు ఎలా ఉందో అతనికీ తెలియదు. అమ్మే కంపెనీ నేర్పే చదువులో అమ్మకానికి పనికొచ్చేదే ముందుంటుంది, అందులో వింతేం లేదు. కంపెనీల సొమ్ముతో డాక్టర్ల ప్రయాణాలు, హోటళ్లు వద్దని 2024లో కేంద్రం మందుల కంపెనీలకు, ఆ తర్వాత పరికరాల కంపెనీలకు విడివిడిగా కోడ్ తెచ్చింది. మంచిదే. అయితే శవాల మీద సాధన చేయించే ల్యాబ్ కోర్సులకు పోవాలంటే మా సర్జన్లు బెంగళూరో చెన్నైయో వెళ్లాలి, ఆ ఖర్చు చాలావరకు ఇన్నాళ్లూ కంపెనీలే పెట్టుకున్నాయి. వాళ్లను తప్పించాక ఆ ఖర్చు ఎవరిదన్న మాట కోడ్ చెప్పదు.

సరే, డబ్బు గొడవ పక్కన పెడదాం. అంతకన్నా ముఖ్యమైంది ఒకటుంది.

మోకాలు చెడినవాళ్లు ఎక్కడికి పోతారు? చేసిన డాక్టరు దగ్గరికి మాత్రం చాలామంది రారు. మొదట ఒకట్రెండు సార్లు వస్తారు. "తగ్గుతుందిలే అమ్మా, ఎక్సర్‌సైజులు చెయ్" అని పంపిస్తే, మూడోసారి ఇంట్లోవాళ్లే కూడబలుక్కుని దారి మారుస్తారు. కర్నూలువాళ్లు హైదరాబాద్ బస్సెక్కుతారు, అనంతపురంవాళ్లు బెంగళూరు పోతారు, కడపవాళ్లు రాయవేలూరు. అక్కడ రివిజన్, అంటే పెట్టిన కీలు తీసి మళ్లీ మార్చే ఆపరేషన్, చేయించుకుని, మళ్లీ ఈ డాక్టరు మొహం చూడరు. ఇక్కడ ఈయనేమో ఆ పేషెంటు రావడం మానేశాడు కాబట్టి బాగున్నాడనే లెక్కేసుకుంటాడు. బ్లౌజు చంకలో బిగుతుగా కుట్టిన టైలర్ దగ్గరికి మనం మళ్లీ పోం, పక్క వీధిలో ఇంకొకరి దగ్గర విప్పించి కుట్టించుకుంటాం. మొదటాయన మాత్రం తన కొలతలు సరిగ్గానే ఉన్నాయనుకుంటూ ఊరందరికీ అలాగే కుడుతూ ఉంటాడు.

ఒక సర్జన్ నాతో నిజాయితీగానే అన్నాడు: "నాకు ఇన్ఫెక్షన్లు లేవు మేడం, ఇంతవరకు ఒక్కటీ రాలేదు." ఎంత జాగ్రత్తగా చేసినా నూటికి ఒకటో రెండో చీము పట్టడం ప్రపంచమంతా ఉన్నదే. ఆయన అబద్ధం ఆడటం లేదు. ఆయన చేసిన ఒకామె చీము పట్టిన మోకాలితో వేరే ఊళ్లో ఇంప్లాంట్ తీయించుకుని, కీలును ఎముకకు పట్టించే సిమెంట్‌లో యాంటీబయాటిక్ కలిపి చేసిన దిమ్మతో నెలల తరబడి మంచం మీద ఉన్న సంగతి నాకు తెలుసు. ఆమె చెల్లెలికి ఇంకో ఆపరేషన్‌కు మత్తు ఇస్తుంటే మాటల్లో తెలిసింది. ఆయనకు తెలియదు. అప్పుడు నేను చెప్పాను, ఆయన ఆ సాయంత్రమే వాళ్లింటికి ఫోన్ చేశాడు. ఆ ఫోన్‌లో ఆయన నేర్చుకున్నదానికి క్రెడిట్ అవర్ లేదు.

ఈ కీళ్ల మార్పిడి పుట్టిందే ఇలాంటి చేదు లెక్కలోంచి. ఇంగ్లండ్‌లో రైటింగ్‌టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ 1950ల చివర తుంటి గిన్నెకు (తొడ ఎముక బంతి కూర్చునే గుంటకు) టెఫ్లాన్ వాడాడు. మనం దోసె పెనం మీద చూసే టెఫ్లాన్ రకమే. మొదట్లో పేషెంట్లు నొప్పి పోయి గంతులేశారు. ఆ దశలోనే కాన్ఫరెన్స్‌లో స్లైడ్లు వేసుకుని ఉంటే చప్పట్లు మోగేవి. రెండు మూడేళ్లు గడిచేసరికి టెఫ్లాన్ అరిగి, ఆ పొడి చుట్టూ గడ్డలు కట్టి, కీళ్లు వదులైపోయాయి. సుమారు 300 మంది. చార్న్‌లీ వాళ్లను వేరే ఊరికి వదిలేయలేదు. తన పేషెంట్లను తనే చూస్తూ ఉన్నాడు కాబట్టి తన ఓటమి తనకే కనిపించింది. అవే తుంటిలను మళ్లీ తెరిచాడు. అరిగిన పొడికి ఒళ్లు ఎలా ఎదురు తిరుగుతుందో తెలుసుకోవడానికి ఆ పదార్థాన్ని తన తొడలోకే ఎక్కించుకున్నాడు.

తర్వాత జరిగింది నాకు మరీ ఇష్టం. 1962లో ఒక సేల్స్‌మన్ కొత్త రకం పాలిథిన్ ముక్క తెచ్చి చార్న్‌లీ వర్క్‌షాప్‌లో హ్యారీ క్రేవెన్ అనే టెక్నీషియన్‌కు ఇచ్చాడు. చార్న్‌లీ గోరుతో గీకి చూసి, ఇది పనికిరాదు పొమ్మన్నాడు. ఆయన ఊళ్లో లేనప్పుడు క్రేవెన్ ఆ ముక్కను అరుగుదల మిషన్‌లో పెట్టేశాడు. రోజుల తరబడి తిరిగినా అది అరిగింది చాలా కొద్ది. పెద్దాయన వచ్చి లెక్క చూశాడు, తన అభిప్రాయం మార్చుకున్నాడు. అదే ఏడాది నవంబరులో ఆ పాలిథిన్ గిన్నెను మొదటిసారి మనిషికి పెట్టాడు. ఇప్పటికీ కర్నూలులో మనం పెట్టే తుంటి గిన్నెల లోపలి పొర ఆ పాలిథిన్ వంశమే. అక్కడ కూడా సరుకు తెచ్చింది అమ్మేవాడే. కాకపోతే దాన్ని తేల్చింది మిషన్ మీద లెక్క, మాట విన్నది టెక్నీషియన్‌ది. మొదట్లో తన దగ్గరకొచ్చి నేర్చుకున్న సర్జన్లకే ఆ తుంటి అమ్మాలని కంపెనీకి షరతు పెట్టింది కూడా చార్న్‌లీయే. ఇప్పుడు ఇంప్లాంట్ కొనడానికి ఏ సర్జన్‌కూ నేర్చుకున్నట్టు కాగితం అక్కర్లేదు, ఆర్డర్ ఇస్తే సాయంత్రానికి ట్రే దిగుతుంది.

చార్న్‌లీ ఒక్కడు చేసుకున్న పని స్వీడన్ దేశం మొత్తానికి చేసింది. 1975లో మోకాళ్లకు, 1979లో తుంటిలకు రిజిస్టర్ పెట్టింది. ఏ కీలు, ఏ ఆసుపత్రిలో, ఎప్పుడు పెట్టారు, మళ్లీ ఎప్పుడు తీశారు అని రాసుకోవడమే దాని పని. ఆ లెక్క ఆసుపత్రులకు తిరిగి పంపుతారు. ఆస్ట్రేలియా 1999లో మొదలుపెట్టింది. దాని విలువేమిటో డిప్యూ కంపెనీ ఏఎస్ఆర్ అనే లోహపు తుంటి వచ్చినప్పుడు తేలింది. ఆ తుంటిని మిగతావాటికన్నా ఎక్కువగా మళ్లీ తీయాల్సి వస్తోందని ఆస్ట్రేలియా రిజిస్టర్ 2007 నుంచే చెప్తూ వచ్చింది. 2010 ఆగస్టులో కంపెనీ దాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. మన దేశంలోనూ వేలమందికి అది పెట్టారు. తర్వాత కేంద్రం కమిటీ వేసి, పరిహారం ఇవ్వాలని నిర్ణయించే వేళకు, వాళ్లలో ఎక్కువమంది ఆచూకీయే దొరకలేదు. ఎవరికి పెట్టారో రాసి ఉంచిన చోటు లేదు మరి. తుంటి, మోకాలు సర్జన్ల జాతీయ సంఘం ఒక రిజిస్ట్రీ నడుపుతోంది గానీ అందులో రాయడం ఇష్టమైతేనే. ఇష్టమైతే రాసే చోట బాగా చేసేవాళ్లే ఎక్కువ రాస్తారన్నది చెప్పక్కర్లేదు.

ఇదంతా దేశాల స్థాయి మాట. నాకు దీనికన్నా మా మట్టి సంగతి ముఖ్యం. హైదరాబాద్ హోటల్లో చెప్పే చదువు ఏ ఎముక గురించి? వయసు పైబడి గుల్లబారిన మెత్తటి ఎముక గురించి. మా దగ్గరికి వచ్చే ఎముకలు కొన్ని దానికి పూర్తిగా ఎదురు. అనంతపురం, కడప, కర్నూలు వైపు చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటి ఉంటుంది. ఇదేం కొత్తగా కనిపెట్టింది కాదు. ఫ్లోరైడ్ ఎముకల జబ్బును దేశంలో మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి ప్రాంతాల్లోనే.

ఆ ఎముక ఎలా ఉంటుందో మొదట తెలిసేది నా సూదికి. కదిరి దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒకామెను వెన్నుకు మత్తు ఇవ్వడానికి కూర్చోబెట్టాం. నర్సు ఆమె భుజాలు పట్టుకుని ముందుకు వంచబోయింది. "ఈపు వంగదు మేడం," అంది ఆమె, "పదేండ్లాయ నాకది వంగక." మధ్యలో సూది పెడితే మామూలుగా మెత్తగా దిగాల్సిన లిగమెంట్ దగ్గరే టక్కున ఆగిపోయింది, అది ఎముకగా మారిపోయింది. ఒక వేలు పక్కకు జరిగి ఏటవాలుగా పెట్టాను, లాభం లేదు. చివరికి నడుము కిందిభాగంలో, అన్నిటికన్నా వెడల్పుగా ఉండే సందు వెతుక్కుని అక్కడి నుంచి దిగితే, సూది చివర చుక్క నీరు కనబడింది. నేను ఊపిరి పీల్చుకున్నాను, ఇక సర్జన్ వంతు. రంపం పెట్టిన కాసేపటికే కాలిన వాసన. బ్లేడు వేడెక్కిపోతోంది. నర్సు సెలైన్ పోస్తూనే ఉంది, బ్లేడు మార్చారు. కోసిన ఎముక ముఖం నున్నగా, తెల్లగా, ఎక్కడా రంధ్రం లేకుండా ఉంది. సిమెంట్ దేన్ని పట్టుకుని నిలబడాలి? ఈ సర్జన్ సన్న డ్రిల్ తీసుకుని ఆ ముఖమంతా చిన్నచిన్న గుంటలు పెట్టాడు, ప్రెషర్‌తో కడిగాడు, ఆరబెట్టాడు, అప్పుడు సిమెంట్ అదిమాడు.

గట్టి ఎముకకు గుంటలు పెట్టాలన్న సంగతి పుస్తకాల్లో ఉంది. అయినా అందరూ పెట్టరు, పెట్టినా మొక్కుబడిగా పెడతారు. ఈయన అంత శ్రద్ధగా ఎందుకు పెట్టాడో టీ తాగేటప్పుడు చెప్పాడు. ఆయన దగ్గర ఒక పెద్ద లెడ్జర్ ఉంది, కిరాణా షాపుల్లో కనబడే ఎర్ర అట్ట పుస్తకం. చేసిన ప్రతి కీలుకూ ఒక వరుస. ఊరి పేరు, ఫోన్ నంబరు, ఇంప్లాంట్ స్టిక్కర్. సంక్రాంతికి పిల్లలంతా ఇంటికి వస్తారు కాబట్టి ఫోన్ ఎవరో ఒకరు ఎత్తుతారని, పండగకు ముందూ వెనకా రిసెప్షన్ అమ్మాయిని కూర్చోబెట్టి అందరికీ ఫోన్లు చేయిస్తాడు. కొన్నేళ్లకు కింది ఎముక దగ్గర వదులైన మోకాళ్లన్నిటినీ ఆ పుస్తకంలో గుర్తు పెట్టుకుంటే, చాలావరకు ఒకే వైపు ఊళ్లు కనిపించాయట, అన్నీ ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లు. ఇది పరిశోధన కాదు, ఆయనకూ తెలుసు. కానీ ఆ రోజు నుంచి ఎక్స్‌రేలో ఎముక మరీ తెల్లగా కనబడితే ఆయన ముందే ఎక్స్‌ట్రా బ్లేడ్లు తెప్పిస్తాడు, నన్ను ముందురోజే వచ్చి వెన్ను చూసుకోమంటాడు. ఏ కాన్ఫరెన్సూ ఆయనకు ఈ పాఠం చెప్పి ఉండేది కాదు. కర్నూలుకు ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చే పెద్ద సర్జన్లు ఈయన దగ్గర అరగంట కూర్చుంటే బాగుండనిపిస్తుంది నాకు.

మా ప్రాంతపు పాఠాలు ఇంకా ఉన్నాయి. పల్లెలో ఆర్‌ఎంపీ మోకాల్లో వేసే స్టెరాయిడ్ సూది ఒకటి. సూది పడ్డాక మూడు నెలలన్నా ఆగకుండా కీలు మారిస్తే చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. "స్టెరాయిడ్ వేయించుకున్నారా?" అని అడిగితే లేదనే అంటారు. "మోకాల్లో నొప్పి సూది ఎప్పుడు వేసినారు?" అని అడగాలి. అప్పుడు "పోయిన నెల్లో" అని జవాబు వస్తుంది.

సర్జన్ల చదువులో మిగతా మనుషులకు చోటు లేకపోవడం కూడా నన్ను బాధిస్తుంది. తుంటి మార్పిడిలో తొడ ఎముక గొట్టంలోకి సిమెంట్ అదిమినప్పుడు కొంతమంది ముసలివాళ్లకు బీపీ ఉన్నట్టుండి పడిపోతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది, అరుదుగా గుండె ఆగుతుంది. ఆ నిమిషానికి ముందు నాకు సిద్ధమయ్యే వ్యవధి కావాలి, మందులు చేతిలో ఉండాలి. "మేడం, సిమెంట్ పెడుతున్నా" అన్న రెండు క్షణాల మాట చాలు. బాగా చదువుకున్న సర్జన్లలో కూడా ఈ మాట అనేవాళ్లు కొందరే. ఇంప్లాంట్ కోణాల మీద గంటల ఉపన్యాసాలు విన్న మనిషికి ఈ ఒక్క మాట ఎవరూ నేర్పలేదు, ఎందుకంటే ఆ హాల్లో మత్తు డాక్టరు లేదు, నర్సు లేదు, ఫిజియో లేడు. మోకాలు తొంభై డిగ్రీలు కూడా వంగక ఏడ్చే మనిషిని ఆర్నెల్లపాటు చూసేది ఫిజియోనే, సర్జన్ కుట్లు విప్పాక ఆ కాలిని మళ్లీ చూసేది తక్కువ.

ఇక్కడ ఒక అభ్యంతరం ఎప్పుడూ వస్తుంది. ఇన్ని తలనొప్పులెందుకు, ఎక్కువ కేసులు చేసే పెద్ద సెంటర్లకే అందరినీ పంపేస్తే సరిపోదా? కెనడాలో ఒంటారియో లెక్కలు తీసి 2014లో అచ్చువేసిన అధ్యయనం ఒకటుంది. ఏడాదికి 35 కన్నా తక్కువ తుంటిలు మార్చే సర్జన్ల చేతిలో కీలు జారడం, రివిజన్ అవసరం పడటం ఎక్కువని అది చెప్పింది. ఆ అంకె పెట్టి కొలిస్తే మా జిల్లాల్లో తుంటి మార్పిడి చేసే చాలామంది ఆగిపోవాల్సిందే. తుంటికి రక్తం అందక ఎముక చచ్చిపోయిన ముప్పై ఏళ్ల కుర్రాణ్ని, కూలి పోగొట్టుకుని హైదరాబాద్‌లో నెల ఉండలేని వాణ్ని, ఎక్కడికి పొమ్మంటాం? నా మటుకు ఏడాదికి రెండో మూడో తుంటిలు చేసే సర్జన్ ఒంటరిగా చేయకూడదు. ఊళ్లోనే అలాంటి ఇద్దరు కలిసి చేతులు కడుక్కుని ఒకే టేబుల్ దగ్గర నిలబడితే, ఇద్దరి కేసులూ ఇద్దరి అనుభవమూ అవుతుంది. దీనికి అడ్డం కత్తి కాదు, ఎదుటి ఆసుపత్రి వాడి దగ్గర చేతులు కట్టుకుని నిలబడాలా అన్న రోషం. మా సీమలో దానికి కొదవ లేదు.

రోబో గురించి కూడా అడుగుతారు. హోర్డింగుల మీద రోబో చెయ్యి, పక్కన నవ్వుతున్న డాక్టరు. కోత ఎన్ని డిగ్రీలకు పడాలో రోబో బాగా పట్టిస్తుంది, ఒప్పుకుంటా. మోకాలు మార్పించుకున్న ప్రతి అయిదుగురిలో ఒకరు పూర్తి తృప్తిగా లేరన్నది దశాబ్దాల మాట, రోబో వచ్చాక ఆ ఒకరు తగ్గిపోయారని మాత్రం ఇంకా గట్టిగా తేలలేదు. అయినా మా ఊళ్లో తేలాలంటే ముందు రోబో లేనప్పటి లెక్క ఉండాలి కదా.

నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. 1956 నుంచి ఉన్న మెడికల్ కాలేజీ మాకుంది, ప్రైవేటువాళ్లకూ ప్రభుత్వంవాళ్లకూ అది ఎవరి ఇల్లూ కాని చోటు. నెలకొకసారి అక్కడ సెమినార్ హాల్లో తలుపులు వేసుకుని కూర్చుందాం. సర్జన్లు, మత్తు డాక్టర్లు, ఫిజియోలు, చీము కల్చర్ చేసే మైక్రోబయాలజీవాళ్లు. ప్రతి సర్జన్ ఆ నెలలో చేసిన కీళ్ల ఎక్స్‌రేలన్నీ పెట్టాలి, ఏరిన నాలుగు కాదు. ఏడాది కిందట అదే నెలలో చేసినవాళ్లకు ఫోన్ చేస్తే ఏమన్నారో చెప్పాలి. ఆక్స్‌ఫర్డ్ మోకాలి స్కోరులో 12 ప్రశ్నలుంటాయి, రిసెప్షన్ అమ్మాయి ఫోన్లో అడిగేయగలదు. సొంతంగా బజారుకు పోగలరా అని అందులో ఉంటుంది. దానికి తోడు మనవి రెండు కలుపుకోవాలి: ఆర్టీసీ బస్సు మెట్టు ఎక్కగలరా, బాత్రూంలో మామూలు దొడ్డి వాడుతున్నారా. ఈ మీటింగుకే క్రెడిట్ అవర్స్ ఇవ్వాలి, రెన్యువల్‌కి కావాల్సిన 30లో సగమైనా ఇక్కడి నుంచే రావాలి.

దీని మీద నాకు వినబడిన అభ్యంతరాల్లో రెండు మాత్రం కొట్టిపారేసేవి కావు. ఒకటి, భయం. 1995లో సుప్రీంకోర్టు వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చినప్పటి నుంచి డాక్టర్లు తమ తప్పు కాగితం మీద పెట్టడానికి జంకుతారు. ఆ లెడ్జరే రేపు కోర్టులో సాక్ష్యమైతే? ఆ భయం న్యాయమైందే. చదువు కోసం చెప్పుకున్న మాటలను కేసులకు వాడకూడదన్న రక్షణ చట్టంలో రాకపోతే ఈ పని సగమే జరుగుతుంది. రెండోది, లెక్క బాగుండాలని కష్టమైన పేషెంట్లను తీసుకోవడం మానేస్తారని. ఫ్లోరైడ్ వెన్నుతో, షుగరుతో, మరీ వంకర కాళ్లతో వచ్చినామెను "మా వల్ల కాదమ్మా" అని పంపేస్తారని. ఇప్పుడూ కొందరు పంపుతూనే ఉన్నారు, లెక్క లేకుండానే. ఎలాంటి కాలు ఎవరు చేశారన్నది కూడా ఆ వరుసలోనే రాస్తే, కష్టమైనవి తీసుకున్న సర్జన్ ఎవరో అదే హాల్లో అందరికీ కనబడుతుంది.

లెడ్జర్ సర్జన్‌కు ఇదంతా చెప్తే ఆయన అన్నిటికీ తలూపి ఒకచోట ఆగాడు. "మనం పుస్తకం రాసుకుంటాం మేడం, సరే. హైదరాబాద్‌లో రివిజన్ చేసినాయన మనకెందుకు చెప్తాడు?" ఎవరో ఒకరు చెప్తారని నేనన్నాను. ఆయన నవ్వాడు. నా మాట అక్కడ బలహీనంగానే ఉందని నాకూ తెలుసు, అందుకే దాన్ని ఎవరి మంచితనానికో వదిలేయకూడదంటున్నాను. రివిజన్ చేసిన ప్రతి డిశ్చార్జ్ సమ్మరీలో మొదటి సర్జన్ పేరు, మొదటి ఇంప్లాంట్ స్టిక్కర్ వివరం, ఎందుకు తీశారో ఒక వాక్యం ఉండాలి. పేషెంటు ఒప్పుకుంటే ఒక కాపీ మొదటి ఆసుపత్రికి పోవాలి. పంపినాయనకు ఒక క్రెడిట్ అవర్, అందుకుని నెల మీటింగులో చూపించినాయనకు ఒకటి. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ వాళ్లు ఒక సర్క్యులర్ తీస్తే అయ్యే పని ఇది. అప్పటిదాకా లెడ్జర్ సర్జన్ తన డిశ్చార్జ్ కాగితాల కిందే అచ్చు వేయించాడు: "ఈ కీలుకు వేరే చోట ఆపరేషన్ చేయించుకుంటే దయచేసి ఈ నంబరుకు తెలపండి, మిమ్మల్ని ఏమీ అనం." చివరి మూడు మాటలు రిసెప్షన్ అమ్మాయి చేర్పించిందట. అవి లేకపోతే ఎవరూ ఫోన్ చేయరంది.